ఒకే పాట, రెండు కంఠములు: జోనీ మిచెల్ గానమును గూర్చి

మన యిండ్లలో పాట వినబడని దినము లేదు. తెల్లవాఱుజామున రేడియోలోని భక్తిగీతము మొదలుకొని రాత్రి పిల్లలను నిదురపుచ్చు జోల వఱకు ఏదో యొక పాట చెవిని బడుచునే యుండును. అయినను, విన్న పాటను గూర్చి నిదానముగా తలపోయు తీఱిక మనకు తక్కువ. 'బాగున్నది', 'బాగులేదు' అని రెండు మాటలలో తీర్పు చెప్పివేసి పొయ్యిమీది కూర కలుపబోవుదుము. ఇట్టి తీర్పులు ఎంత తొందరపాటువో మాకు తెలియవచ్చుటకు ముప్పది యేండ్లకు పైగా పట్టినది. దానిని మాకు తెలియజేసినది కెనడా దేశమున బుట్టి అమెరికాలో పేరు గాంచిన గాయని జోనీ మిచెల్. ఆమె పాటలను గూర్చి శాస్త్రజ్ఞులు వ్రాసిన గ్రంథములు పెక్కులు కలవు. మేము శాస్త్రజ్ఞులము కాము; ఇంటిపనుల నడుమ వినుచు వచ్చిన శ్రోతలము మాత్రమే. మా యభిప్రాయములను మీ యెదుట నుంచుచున్నాము. మీకు నచ్చనిచో త్రోసివేయవచ్చును.

1988వ సంవత్సరమున మా మేనమామ కుమారుడు అమెరికాలో చదువు ముగించుకొని వచ్చుచు రెండు కాసెట్లు తెచ్చి మాకిచ్చెను. రెండును ఈమెవే. మొదటిది 1971లో వెలువడిన 'బ్లూ'. రెండవది 1975 నాటి 'ది హిస్సింగ్ ఆఫ్ సమ్మర్ లాన్స్'. ఆల్బమనగా పది పండ్రెండు పాటలను ఒక వరుసలో గూర్చి, ఒకే పేరుతో వెలువరించు సంపుటమని మీరెఱుగుదురు. మన సినిమా పాటలలో మాటలొకరివి, వరుస యొకరిది, గొంతు మఱియొకరిది. జోనీ మిచెల్ సంపుటములలోనన్ననో మాటలును, వరుసలును, కంఠమును, గిటారును, పియానోయు, తఱచుగా అట్టమీది చిత్రమును గూడ ఆమెవే. కావున ఆ సంపుటములను ఏడాది వెంబడి యేడాదిగా వినుట ఒక స్త్రీ బ్రతుకును ప్రక్కన గూర్చుండి చూచుటవంటిది.

మొదటి కాసెట్టును అరిగిపోవు వఱకు వింటిమి. రెండవదానిని ఒక్కసారి విని, 'ఆ మెత్తని పాటలు విడిచి ఈ డప్పులేమి? ఈమెకేమి వచ్చినది?' అని విసుగుకొని బీరువాలో పడవైచితిమి. ఆఱు నెలల పిమ్మట మా పినతల్లి కుమార్తె పెండ్లిలో పాటలు రికార్డు చేయుటకు ఖాళీ కాసెట్టు చేతికి దొరకలేదు. అప్పుడు బీరువాలోని దీనిని తీసి, పైయంచున నున్న తొఱ్ఱలపై కాగితపు ముక్కలతికించి, జోనీ మిచెల్ పాటలను చెఱిపి వాని స్థానమున మా తల్లిగారి మంగళహారతులు ఎక్కించితిమి. ఈ సంగతికి మరల వత్తుము.

ఆమె 1943 నవంబరు 7వ తేదీన కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రమున ఫోర్ట్ మెక్లౌడ్ అను చిన్న యూరిలో జన్మించెను. బాల్యమెక్కువ భాగము సస్కటూన్ పట్టణమున గడచినది. తొమ్మిదేండ్ల వయసున పోలియో సోకెను. ఆసుపత్రినుండి నడచుకొనుచు ఇల్లు చేఱెను గాని యెడమచేయి బలహీనపడినది. గిటారునకు ఎడమచేయియే ప్రాణము. మన వీణకు వలెనే దానికిని మెట్లుండును. ఎడమచేతి వ్రేళ్లతో తంత్రులను మెట్లపై నొక్కి పట్టినగాని స్వరములు పలుకవు. అందఱును నొక్కునట్లు నొక్కుట ఈమె వ్రేళ్లకు కష్టమయ్యెను. అప్పుడామె తంత్రుల శ్రుతినే మార్చివైచినది. మన తంబురాను వ్రేలు నొక్కకుండ మీటినను ఇంపుగా మ్రోగునట్లు, గిటారు ఆఱు తంత్రులను ఊరక మీటినంతనే ఒక సుస్వరసముదాయము పలుకునట్లు బిగించుకొనెను. ఒక్కొక్క పాటకొక్కొక్క శ్రుతి. ఇట్టివి ఆమె పదులకొలదిగా కల్పించుకొన్నది. వినువారికి ఆ ధ్వని వింతగాను, ఎచ్చటను విననిదిగాను తోచును. కొఱతను దాచుకొనుటకు చేసిన యుపాయమే ఆమెకు సొంత ముద్ర యయ్యెను. పప్పు తక్కువైన దినమున నీళ్లు పోసి చారు పెట్టి, అది యింటిల్లిపాదికిని ప్రియమగుట మనమెఱుగనిదా!

కాల్గరీ నగరమున చిత్రకళాశాలలో కొంతకాలము చదివి, కాఫీ గృహములలో పాడుచు ఆమె టొరాంటో చేఱెను. అచ్చట ఆమెకొక గొప్ప కష్టము సంభవించెను. 1965 ఫిబ్రవరిలో, వివాహము కాకమునుపే, ఒక ఆడుబిడ్డ కలిగినది. చేత డబ్బు లేదు; తలిదండ్రులకు చెప్పు ధైర్యము లేదు. ఆ యేడే చక్ మిచెల్ అను గాయకుని పెండ్లాడెను గాని, బిడ్డ మాత్రము పెంపునకు పోయినది. ఆ వివాహమును నిలువలేదు. ఆ బిడ్డను తలచుకొని ఆమె 'లిటిల్ గ్రీన్' అను పాట వ్రాసి 'బ్లూ' సంపుటమున పాడినది. నాడది యెవరిని గూర్చినదో శ్రోతలకు తెలియదు. ఒక తల్లి తన బిడ్డను తలచుకొని లోకమందఱి యెదుటను పాడుచున్నను, లోకమది వినియు వినకుండెను. 1990 తరువాతనే ఆ సంగతి బయటపడినది. 1997లో తల్లియు కుమార్తెయు కలిసికొనిరి. మేమా పాటను తొలిసారి విన్నప్పుడు ఏదో పచ్చని ప్రకృతిని వర్ణించు పాట యనుకొంటిమి. సంగతి తెలిసిన పిదప విన్నప్పుడు, చేతిలోని పని ప్రక్కన బెట్టి కొంతసేపు ఊరకుంటిమి.

ఆమె గానమున మొదటి కాలము 1968 నుండి 1971 వఱకు. అప్పటి కంఠము సన్నని వెండితీగవంటిది. ఎంత పైకి పోయినను తెగదు. తొలి సంపుటము 'సాంగ్ టు ఎ సీగల్' 1968లో వచ్చినది. దానికి ముందే ఆమె పాటలను ఇతరులు పాడి పేరు తెచ్చుకొనుచుండిరి. వానిలో ముఖ్యమైనది 1967లో వ్రాసిన 'బోత్ సైడ్స్ నౌ'. మేఘములను, ప్రేమను, బ్రతుకును వరుసగా తలపోయు పాట యది. జూడీ కాలిన్స్ అను గాయని పాడగా లోకమంతయు విన్నది. జోనీ మిచెల్ తానుగా దానిని 1969లో 'క్లౌడ్స్' అను రెండవ సంపుటమున పాడెను. అప్పటికామె వయసు ఇరువదియైదు. మధురముగనే యున్నది; కాని బ్రతుకును రెండువైపుల నుండియు చూచితినని ఇరువదియైదేండ్ల పడుచు చెప్పుచుండగా, వినువారికి కొంచెము చిఱునవ్వు రాక మానదు. ఈ పాటను గుర్తుంచుకొనుడు.

1970 నాటి 'లేడీస్ ఆఫ్ ది కాన్యన్' లో 'బిగ్ యెల్లో టాక్సీ' కలదు. చెట్లు కొట్టివేసి బండ్లు నిలుపు స్థలములు చేయు నాగరికతను నవ్వుచు ఎత్తిపొడుచు పాట, పిల్లలకు వినిపించదగినది. మఱుసటి యేడు వచ్చిన 'బ్లూ' సంగతి వేఱు. అందు పాటకును, పాడుదానికిని నడుమ తెర లేదు. ప్రేమించుట, విడిచిపోవుట, విడిచినందులకు తననే నిందించుకొనుట అన్నియు దాపఱికము లేక చెప్పినది. వాద్యములు మిక్కిలి తక్కువ: ఒక గిటారు, ఒక పియానో, ఒడిలో నుంచుకొని మీటు డల్సిమర్ అను చిన్న తంత్రీవాద్యము. పాప్ సంగీతమున ఇంతకంటె సత్యమైన సంపుటమును మేము వినలేదు. కాని దీనిని దినమును వినుట మంచిది కాదని మా యభిప్రాయము. మనసులోని దుఃఖమునంతయు పైకి తెచ్చి కూర్చుండబెట్టును. అవతల వంట నిలిచిపోవును.

'బ్లూ' వంటిది ఒకటి వచ్చిన తరువాత లోకము గాయనినుండి ఏమి కోరును? అట్టిదే మఱియొకటి. అటుపిమ్మట మఱియొకటి. ఈమె అందులకు ఒప్పుకొనలేదు. 1974లో వచ్చిన 'కోర్ట్ అండ్ స్పార్క్' నందు జాజ్ వాద్యకారులను చేర్చుకొని, నిండైన మేళముతో పాడినది. జాజ్ అనగా అమెరికాలోని నల్లజాతివారు పెంపొందించిన సంగీతము. అందు వాద్యకారుడు మన గాయకుల మనోధర్మము వలె అప్పటికప్పుడు కల్పించుకొనుచు పోవును. ఆ సంపుటము అమెరికా అమ్మకపు పట్టికలో రెండవ స్థానమున నిలిచినది. ఆమె సంపుటములలో ఇంతగా అమ్ముడుపోయినది వేఱొకటి లేదు. ఈమెను క్రొత్తగా వినదలచిన సోదరీమణులు దీనితో ప్రారంభించుట మేలు. హుషారు, తెలివి, దుఃఖము మూడును సమపాళ్లలో కుదిరినవి.

ఆ యేడే సభలలో పాడిన పాటలను 'మైల్స్ ఆఫ్ ఐల్స్' అను పేర వెలువరించిరి. అందు పాటకును పాటకును నడుమ జనులు పాత పాటల పేర్లు చెప్పి అవి పాడుమని కేకలు వేయుదురు. ఆమె నవ్వి, చిత్రకారునకు ఈ బాధ లేదనియు, చుక్కల రాత్రి చిత్రమును మరల వేయుమని వాన్ గో నెవరును అడుగలేదనియు చెప్పును. చెప్పి, వారడిగిన పాత పాటనే పాడును. ఈ చిన్న ముచ్చటలో ఆమె స్వభావమంతయు కలదని మాకు తోచును. శ్రోతలను తృణీకరింపలేదు, వారికి లొంగియు పోలేదు.

ఇక మేము చెఱిపివైచిన కాసెట్టు. 'ది హిస్సింగ్ ఆఫ్ సమ్మర్ లాన్స్' వెలువడినప్పుడు విమర్శకులు పెక్కురు ముఖము చిట్లించిరి. తన్ను గూర్చి పాడుట మాని ఇతరులను గూర్చి పాడుట వారికి నచ్చలేదు. ఒక పాటలో ఆఫ్రికాలోని బురుండి దేశపు డోళ్లు మ్రోగును. దానిపై విద్యుత్ వాద్యము హోరుమనును. మా విసుగునకు కారణమదియే. పదునేను సంవత్సరములు గడచిన పిమ్మట, మా యాడుబిడ్డ కొన్న సీడీలో ఆ సంపుటమును మరల వింటిమి. ఈసారి డోళ్లు కాక మాటలు చెవిని బడినవి. మిట్టమీద పెద్ద యిల్లు, చుట్టును పచ్చగడ్డి, వేసవియెండలో ఆ గడ్డికి నీళ్లు చిమ్ము గొట్టముల బుసబుసలు, లోపల, ఆ యింటి సామానులలో తానొక సామానుగా మిగిలిన ఇల్లాలు. భర్త సంపదను కొనియాడక, భార్యను చూచి జాలితో కన్నీరు కార్చక, ఉన్నదున్నట్లు చూపి ఊరకుండెను. పెద్ద యింట కూర్చుండి ఊపిరి సలుపని స్త్రీలను మనమును చూచియున్నాము. ఆ వయసున మాకది పట్టలేదు. సంసారము చేసిన పిదప పట్టినది. పాటలో లోపము లేదు; వినుదానికి వయసు చాలలేదు.

1976 నాటి 'హెజీరా' మాకన్నిటికంటె ప్రియమైనది. పేరు వింతగా తోచవలదు. హిజ్రీ సంవత్సరమను మాట మన క్యాలెండరులలో చూచెదముగదా. దానికి మూలమైన అరబ్బీ పదమే యిది. ఉన్నచోటు విడిచి మఱియొకచోటికి తరలిపోవుట అని దాని భావము. ఆ యేడామె అమెరికా తూర్పు కొసనుండి పడమటి తీరమునందలి లాస్ ఏంజెలెస్ వఱకు ఒంటరిగా తానే కారు నడుపుకొని పోయినది. ఆ ప్రయాణపు పాటలే యివి. జాకో పాస్టోరియస్ అను యువకుడు మెట్లు లేని బేస్ గిటారు వాయించెను. వీణకును గోటువాద్యమునకును గల భేదమెఱిగినవారికి దీని సొగసు తెలియును. మెట్లు లేనందున స్వరము స్వరములోనికి జాఱుచు పోవును. ఒక పాట 1937లో విమానముతో సహా కనబడకపోయిన వైమానికురాలు అమీలియా ఇయర్‌హార్ట్‌ను తలచుకొని వ్రాసినది. మఱియొకటి 'సాంగ్ ఫర్ షారన్'. చిన్ననాటి స్నేహితురాలికి వ్రాసిన జాబువలె ఎనిమిది నిమిషములకు పైగా సాగును. ఆమెకు ఇల్లు, సంసారము దొరకినవి. ఈమెకు పాట దొరకినది. ఎవరి బ్రతుకు మేలైనదని ఈమె తీర్పు చెప్పదు. ఒకరి చేతిలోనిది ఒకరు చూచి, కొంచెము ఆశపడి, ఎవరి త్రోవను వారు పోవుదురు. చదువుకొని ఉద్యోగమునకు పోయిన స్నేహితురాండ్రు, ఇంటిపట్టున నున్న స్నేహితురాండ్రు మనకందఱకును కలరు. ఆ పాట మనది కాదని యెట్లు చెప్పగలము?

అన్నిటిని మెచ్చుకొన్నచో అది యభిప్రాయము కానేరదు. 1977లో 'డాన్ జువాన్స్ రెక్‌లెస్ డాటర్' అను జంట సంపుటము వచ్చినది. అందొక పాట రికార్డులో ఒక ప్రక్కనంతయు నాక్రమించి పదునాఱు నిమిషములు సాగును. మాకు ఓపిక చాలలేదు. అంతకంటె బాధాకరమైనది అట్టమీది చిత్రము. ఆమె ముఖమునకు నలుపు పూసికొని నల్లజాతి పురుషుని వేషమున నిలిచినది. అట్టి వేషములతో నల్లవారిని పరిహసించిన చరిత్ర అమెరికాకు కలదు. జాజ్‌పై ప్రీతితో చేసినను, అది చేయదగిన పని కాదు. ఎంత గొప్ప గాయని యైనను తప్పును తప్పనియే చెప్పవలెను.

తరువాత జాజ్ విద్వాంసుడు చార్లెస్ మింగస్ ఆమెను పిలిపించెను. అవయవములు క్రమముగా చచ్చుబడు వ్యాధితో ఆయన కుర్చీకే పరిమితమైయుండెను. తాను కట్టిన వరుసలిచ్చి వానికి మాటలు వ్రాసి పాడుమని కోరెను. పని ముగియకమునుపే, 1979 జనవరి 5వ తేదీన, ఆయన మెక్సికో దేశమున మరణించెను. ఆ యేడు వెలువడిన 'మింగస్' సంపుటముతో రేడియోవారును, పాత శ్రోతలును పెక్కురు ఆమెను విడిచిరి. మేమును దానిని ప్రేమతో వినుచున్నామని చెప్పజాలము, గౌరవముతో వినుచున్నాము. మృత్యుముఖమున నున్న ఒక వృద్ధుని కోరిక తీర్చుటకై, చేతిలోని కీర్తిని పోగొట్టుకొనుటకు సిద్ధపడిన స్త్రీని 'బాగులేదు' అను ఒక్క మాటతో త్రోసివేయుటకు మనసొప్పదు.

1980 తరువాతి పదియేండ్లలో వచ్చిన మూడు సంపుటములను గూర్చి చెప్పవలసినది తక్కువ. ఆ కాలమున అందఱు గాయకులును యంత్రవాద్యముల మోజులో పడిరి, ఈమెయు పడినది. మాటలు పదునుగనే యున్నవి. మ్రోత వానిని మ్రింగివైచినది. 1991లో 'నైట్ రైడ్ హోమ్' తో గిటారు మరల ముందునకు వచ్చెను. 1994లో వచ్చిన 'టర్బులెంట్ ఇండిగో' అట్టపై, చెవికి కట్టు కట్టుకొన్న వాన్ గో చిత్రము పోలికగా తన ముఖమునే ఆమె చిత్రించుకొన్నది. ఇరువది యేండ్ల క్రిందట సభలో తలచుకొన్న చిత్రకారుని మఱచిపోలేదన్నమాట. అమెరికాలోని గ్రామీ బహుమానము దానికి లభించినది.

ఇప్పుడు మొదట చెప్పిన పాటకు వత్తము. 2000వ సంవత్సరమున ఆమె 'బోత్ సైడ్స్ నౌ' అను పేరనే యొక సంపుటము వెలువరించినది. విన్స్ మెండోజా పెద్ద వాద్యబృందమును కూర్చి నడిపెను. ఎక్కువ పాటలు పూర్వుల ప్రేమగీతములు. తన పాటలు రెండే. ఆ రెండింటిలో తుదిది ఈ పాట. ముప్పదియొక్క యేండ్ల తరువాత అదే పాట, అవే మాటలు. కాని కంఠమది కాదు. వెండితీగ పోయినది. చిన్ననాటినుండియు ఆమెకు పొగ త్రాగు అలవాటు. కంఠము మాఱుటకు అదియే కారణమని లోకులందురు, ఆమె యొప్పుకొనదు. ఏది యైననేమి, గొంతు క్రిందికి దిగి, బొంగురుపోయి, పై స్వరములు అందకుండ నున్నది. పాట నడక కూడ నెమ్మదించినది. ఇరువదియైదేండ్ల పడుచు పాడినప్పుడు మాకు చిఱునవ్వు వచ్చెనంటిమి. ఏబదియాఱేండ్ల స్త్రీ అదే పాటను ఆ విఱిగిన గొంతుతో పాడగా నవ్వు రాలేదు. బిడ్డను విడిచినది, బిడ్డను మరల కలిసికొన్నది, కీర్తిని పొందినది, పోగొట్టుకొన్నది, ఈ సర్వమును ఆ పాటలో నున్నది. మాటలు 1967లోనే వ్రాసియుంచుకొన్నది. వాని యర్థమును బ్రతుకు తరువాత తెచ్చియిచ్చినది. ఈ రెంటిలో ఏది మేలని మా కుమార్తె అడిగినది. మొదటిది చెవికి మేలు, రెండవది మనసునకు మేలని చెప్పితిమి.

కథ అంతటితో ముగియలేదు. 2015 మార్చిలో ఆమెకు మెదడులోని రక్తనాళము చెడి ప్రాణాపాయము సంభవించెను. నడచుటయు మరల నేర్చుకొనవలసివచ్చినది. గిటారు వాయించుట మఱచిపోగా, తాను పడుచుతనమున వాయించిన పాత వీడియోలను చూచి, ఏ వ్రేలు ఎచ్చట నుంచవలెనో తన చేతినుండి తానే నేర్చుకొన్నది. పాత పాటనే పాడుమని అడిగినవారికి ఒకనాడు నవ్వుచు అడ్డుచెప్పిన స్త్రీకి, ఆ పాత పాటలే తుదకు గురువులైనవి. 2022 జూలైలో న్యూపోర్ట్ సంగీతోత్సవమున, ఎవరును ముందుగా ఎఱుగకుండ, ఆమె వేదికపైకి వచ్చి కుర్చీలో గూర్చుండి పాడెను. చుట్టును చిన్నవారైన గాయనీగాయకులు కూర్చుండి గొంతు కలిపిరి. 'బోత్ సైడ్స్ నౌ' ఆమె పాడుచుండగా ప్రక్కనున్నవారే కన్నులు తుడుచుకొనిరి. 2024 ఫిబ్రవరిలో, ఎనుబదియవ యేట, గ్రామీ వేదికపై మొదటిసారిగా పాడినది. పాడినది ఆ పాటయే.

న్యూపోర్ట్ వీడియోను మా కుమార్తె సెల్‌ఫోనులో చూపినది. మా తల్లిగారు ప్రక్కన గూర్చుండి చూచిరి. ఆమెకు ఇంగ్లీషు రాదు. పాట ముగిసిన పిదప, 'ఈ ముసలమ్మను పాడనిచ్చినారే!' అని మాత్రము అనిరి.

ఆ మాట మాకు గ్రుచ్చుకొన్నది. మా తల్లిగారి గొంతు పేరంటములలో పేరు పడిన గొంతు. అరువది యేండ్లు దాటిన పిమ్మట అది క్రిందికి దిగినది. ఒకనాడొక నోముపాటలో పై స్వరము అందక ఆగిపోగా, పిల్లలు కిసుక్కుమని నవ్విరి. 'నా గొంతు పోయినదమ్మా, ఇక మీరు పాడుకొనుడు' అనిరి. ఆ తరువాత ఆమె పాడలేదు, పాడుమని మేమడుగలేదు. గొంతు పోలేదనియు, మాఱినదనియు, శ్రుతి తగ్గించుకొన్నచో చాలుననియు చెప్పు బుద్ధి ఇరువది యేండ్లపాటు మాకెవ్వరికిని పుట్టలేదు. కెనడాలోని ఒక పరాయి స్త్రీ కంఠము మాఱినందులకు కన్నీరు పెట్టుకొన్నవారమే, ఇంటిలోని కంఠమును మూయించితిమి.

బీరువాలోని కాసెట్టు తీసితిమి. దానిని మ్రోగించు యంత్రము ఇరుగుపొరుగువారి యటుకమీద దొరకినది. జోనీ మిచెల్‌ను చెఱిపి మేమెక్కించిన మంగళహారతి బుసబుసల నడుమ వినబడినది. ఏబది యేండ్ల వయసు నాటి మా తల్లిగారి గొంతు, ఖంగుమని. ఆమె కొంతసేపు వినిరి. 'అంత పైన నెత్తుకొనుచుంటినా!' అని ఆశ్చర్యపడిరి. 'ఇప్పుడు క్రింద నెత్తుకొనరాదా?' అని మేమంటిమి. మాఱు పలుకక వంటింటిలోనికి పోయిరి. మఱునాడు ప్రొద్దున తులసికోట దగ్గఱ ఆ హారతియే వినవచ్చినది. చాల క్రింది శ్రుతిలో, చాల నెమ్మదిగా. చరణముల నడుమ ఊపిరి తీసికొనుటకు ఆగుచుండిరి. మేము వాకిలి ఊడ్చుచున్న చీపురు నాపి నిలుచుంటిమి.

సోదరీమణులారా! పాప్ సంగీతము పిల్లల వ్యవహారమనియు, విదేశపు పాట మనకేలయనియు అనువారు అనవచ్చును. జోనీ మిచెల్‌ను వినవలెనని మిమ్ము బలవంతము చేయము. వినదలచినచో 'కోర్ట్ అండ్ స్పార్క్' తో మొదలిడి, 'బ్లూ' కు పోయి, 'హెజీరా' కు రండు. 1969 నాటి పాటను, 2000 నాటి పాటను ఒకదాని వెంట నొకటి తప్పక వినుడు. మీరెవ్వరి పాట వినినను సరే, నిన్నటి గాయని నేడు క్రొత్తదారి త్రొక్కినప్పుడు 'బాగులేదు' అని వెంటనే చెఱిపివేయకుడు. ఆ పాటను ఒకచోట దాచియుంచుడు. పదియేండ్లకు మరల తీసి వినుడు. మఱి, మీ యింట పాడుట మానివేసిన పెద్దవారుండిరేని, ఈ సాయంకాలమే వారిని పాడుమని అడుగుడు. శ్రుతి వారికి వీలైనదే కానిండు.